బిషప్పుగారు ఏం పని చేసేవారమ్మా?

అమ్మాయీ,

ఆశీస్సులు. స్కాట్లాండులో అబర్డీన్ బిషప్పుగా ఉన్న విలియం ఎల్ఫిన్‌స్టన్ మీద నువ్వు రాసిన జీవితచరిత్ర రాతప్రతి ప్రింటు తీయించుకుని మొత్తం చదివాను. నిన్ననే జవాబు రాద్దామని కూర్చున్నాను. కోపం చల్లారాక రాయడం మంచిదని లేచిపోయాను. ఇవాళ్టికీ పూర్తిగా చల్లారలేదు, అయినా రాస్తున్నాను.

ఏడో అధ్యాయం చివర నువ్వు ఇలా రాశావు: "ఈ మధ్యకాలంలో ఆయన ఒక ప్రార్థనా పుస్తకాన్ని అచ్చు వేయించారు." ఆ సంగతి అక్కడితో అయిపోయింది. పేజీ తిప్పితే స్కాట్లాండు ఇంగ్లండుతో చేసి ఓడిపోయిన ఫ్లాడెన్ యుద్ధం. నెత్తుటి వాగు, విరిగిన బల్లేలు, పొగమంచు, కాకులు, పద్నాలుగు పేజీలు! 1513 సెప్టెంబరు 9న ఆ యుద్ధభూమిలో విలియం ఎల్ఫిన్‌స్టన్ లేరు. అసలు ఆ యుద్ధమే వద్దన్న మనిషి ఆయన. అప్పటికి ఆయనకి ఎనభై రెండేళ్ళు. ఆయన లేని చోటికి పద్నాలుగు పేజీలిచ్చి, ఏళ్ళ తరబడి ఆయన కళ్ళు కాయలు కాచిన పుస్తకానికి ఒక్క వాక్యం ఇచ్చావు. నా కోపమంతా ఇక్కడే.

నేను చాలాకాలంగా నమ్ముతున్న మాట ఒకటుంది. నా దగ్గరికి రాతప్రతి పంపిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతాను, నీకూ చెబుతాను. ఒక మనిషి జీవితం రాయాలంటే ఆ మనిషి పని రాయాలి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశాడు, ఏ కాయితం చేతిలోకి తీసుకున్నాడు, ఎవరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఏం అడిగారు, ఆయన ఏం తేల్చాడు. పుట్టుక, చావు, ప్రేమ, పగ అందరికీ ఉండేవే. మనిషిని మనిషిగా విడదీసి చూపించేది అతను చేసిన పని. నీ రెండువందల పేజీలు చదివాక బిషప్పుగారు ఎలా ఏడ్చారో నాకు తెలిసింది. ఆయన ఏం పని చేసేవారో తెలియలేదు.

ముందు బాగున్నది చెప్పేస్తాను. ఆయన తండ్రి గురించి రాసిన రెండు పేరాలు బాగున్నాయి. తండ్రి చర్చిలో పురోహితుడు, పెళ్ళి చేసుకోకూడని మనిషి. అలాంటి తండ్రికి పుట్టిన కొడుకు తానూ పురోహితుడు కావాలంటే పుట్టుక దోషం అడ్డు కాదని పైనుంచి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి సంగతి నువ్వు గొంతు పెంచకుండా చెప్పావు. మిగతా పుస్తకమంతా అలా ఎందుకు రాయలేదు?

నేను మున్సిఫ్ కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేశానని నీకు తెలుసు. అందుకే నీ మూడో అధ్యాయం నన్ను మరీ బాధపెట్టింది. "తర్వాత ఆయన గ్లాస్గోలోనూ లోథియన్‌లోనూ న్యాయాధికారిగా పనిచేసి పేరు తెచ్చుకున్నారు" అని రాసి దాటేశావు. ఆ పేరు ఎలా వచ్చిందమ్మా? ఆ కుర్చీలో కూర్చున్నవాడి ముందుకి ఏమేం వచ్చేవో నీకు తెలుసా? చర్చి కోర్టంటే పాపపుణ్యాల విచారణ ఒక్కటే కాదు. పెళ్ళిళ్ళు చెల్లుతాయా లేదా, వీలునామాలు నిజమైనవా కావా, ఈ బిడ్డ వారసుడా కాదా, ప్రమాణం చేసి ఇస్తానన్న డబ్బు ఎగ్గొట్టిన వాడిని ఏం చెయ్యాలి, ఇవన్నీ అక్కడే తేలాలి.

పెళ్ళిళ్ళ సంగతే చూడు. నాలుగు తరాల వెనక్కి ఎక్కడ రక్తసంబంధం కలిసినా ఆ పెళ్ళి చెల్లదని అప్పటి చర్చి నియమం. మేనమామ కూతుర్ని చేసుకోవడం హక్కుగా భావించే మన ఇళ్ళల్లో ఈ నియమం చెబితే నోరు తెరుచుకుని వింటారు. చిన్న దేశం, పెద్ద కుటుంబాలన్నీ ఒకళ్ళకొకళ్ళు ఏదో విధంగా చుట్టాలే. పెళ్ళికి ముందే అనుమతి తెచ్చుకునేవాళ్ళు కొందరు. కాపరం చెడ్డాక "మా ముత్తాతలు అన్నదమ్ములని ఇప్పుడే తెలిసింది, ఈ పెళ్ళి రద్దు చెయ్యండి" అని వచ్చేవాళ్ళు కొందరు. ఆ బల్ల వెనక కూర్చున్న మనిషి, తన పుట్టుకకే అనుమతి పత్రం తెచ్చుకున్న మనిషి, ఇంకొకరి బిడ్డ సక్రమమా అక్రమమా అని తేల్చాలి. నీ పుస్తకానికి గుండెకాయ ఇది. యుద్ధం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

పైగా ఆయన ఆ కుర్చీకి దొడ్డిదారిన వచ్చినవాడు కాదు. 1431లో పుట్టి, గ్లాస్గో యూనివర్సిటీలో ఎం.ఏ. అయ్యేసరికి 1462. అంటే ముప్ఫై దాటాయి. ఆ తర్వాత దేశం విడిచి పారిస్ వెళ్ళి చర్చి న్యాయశాస్త్రం చదివి, అక్కడే పాఠాలు కూడా చెప్పారు. రోమన్ సివిల్ లా చదవడానికి మాత్రం ఆర్లియాన్స్ పోవలసి వచ్చింది. పారిస్‌లో దాన్ని చెప్పకూడదని 1219 నాటి పోపు ఆజ్ఞ ఉంది మరి. నువ్వు "ఉన్నత విద్య కోసం ఫ్రాన్స్ వెళ్ళారు" అన్నావు. ముప్ఫై దాటిన మనిషి కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని రెండు ఊళ్ళలో రెండు చట్టాలు ఎందుకు నేర్చుకున్నాడు? ఒక చట్టం చర్చిది, రెండోది రాజులకీ భూములకీ పనికొచ్చేది. రెండూ వచ్చినవాడు రెండు చోట్లా కూర్చోగలడు. తర్వాత నలభై ఏళ్ళూ ఆయన చేసింది అదే. నీ మొదటి మూడు అధ్యాయాలు ఈ ఒక్క తీగ పట్టుకుని నడవాలి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెబుతాను, విను.

నేను మొదట రాసిన జీవితచరిత్ర ఒక లస్కరుది. గోదావరి కాలవ మీద లాకుల దగ్గర పనిచేసిన మనిషి. ఒక నీటి తగాదా దావాలో సాక్షిగా మా కోర్టుకి వచ్చాడు. వకీలు ఎంత గద్దించినా తడబడకుండా ఏ రాత్రి ఏ తలుపు ఎంత ఎత్తాడో, గేజి మీద నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పుకుపోయాడు. కోర్టు హాలంతా నిశ్శబ్దంగా వింది. ఆ సాయంత్రమే ఆయన వెంట సైకిలు మీద లాకుల దాకా వెళ్ళాను. తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్ళానో లెక్కలేదు. లాంతరు పట్టుకుని అర్ధరాత్రి గేజి చూడటం, వానకి ముందు గాలి వాసన పట్టి తలుపు దించడం, చివరి పొలాల రైతులు అరుస్తూ వస్తే వాళ్ళకి లెక్క చెప్పి పంపడం, అన్నీ చూసి రాశాను. ఒక వారపత్రిక తీసుకుంది. ఎడిటరుగారు పిలిచి, "నీళ్ళ లెక్కలన్నీ తీసేశానండీ, పాఠకుడికి బోరు. ఈయనకి ప్రేమకథేమైనా ఉందా? వారం వారం చివర ఒక మలుపు ఉండాలి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా కోసేశారు. అచ్చులో వచ్చిన దాంట్లో లస్కరు ఉన్నాడు, కాలవ లేదు. ఆయన ఆ పత్రిక చూసి, "ఇది నేను కాదు బాబూ" అన్నాడు. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది. తర్వాత సొంత డబ్బుతో పూర్తి పుస్తకం వేశాను. అమ్ముడుపోయినవి తక్కువే. అయితే ఇరిగేషన్ ఆఫీసుల్లో ఆ పుస్తకం చేతులు మారి చదివారు, మార్జిన్లో నోట్సు రాసుకుని చదివారు. ఒక రచనకి అంతకన్నా ఏం కావాలి?

ఆ ఎడిటరు ఒక్కడే కాదు, అది ఒక ధోరణి. అప్పుడు వారపత్రికలకి మలుపులు కావాలి, ఇప్పుడు వెబ్ సిరీస్‌లకి మొదటి నిమిషంలోనే శవం కావాలి. జీవితచరిత్ర అంటే చావుతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళడం అని ఎవరు నేర్పారో గానీ, ఈమధ్య నా దగ్గరికొచ్చే ప్రతి రాతప్రతీ అలాగే మొదలవుతోంది. నీదీ అంతే. ఎడిన్‌బరోలో చావుమంచం మీద బిషప్పు, కిటికీ బయట వాన, కళ్ళ ముందు గతం. ఆ ప్రోలోగ్ తీసెయ్. ఆయన 1514 అక్టోబరు 25న చనిపోయారని చెప్పాల్సిన చోట చెబితే చాలు.

బోర్జియా పోపు మీద రాసిన మూడు పేజీలూ అలాంటివే. విషం గిన్నెలు, ఉంపుడుగత్తెలు. ఆ పోపు, అంటే ఆరో అలెగ్జాండర్, నీ పుస్తకంలో రావలసిన కారణం ఒక్కటే. 1495 ఫిబ్రవరి 10న అబర్డీన్‌లో యూనివర్సిటీ పెట్టుకోవచ్చని ఆయన ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. ఆ పత్రంలో ఏముందో రాయి. ఈ దేశపు ఉత్తరభాగం సముద్రపు పాయలతో, ఎత్తైన కొండలతో మిగతా దేశం నుంచి తెగిపోయి ఉంది, అక్కడి జనానికి అక్షరం రాదు, దాదాపు మచ్చిక కానివాళ్ళు, చర్చిలో మంత్రం చెప్పే మనిషే దొరకడు అని చెప్పుకున్న విన్నపం అది. విన్నపం రాజు పేరు మీదే ఉంది, కానీ తన జనం గురించి ఇంత కటువుగా చెప్పుకున్న ఆ మాటల వెనక ఉన్నది ఎవరు? ఆ ప్రాంతపు బిషప్పే. డబ్బు, అనుమతి రాబట్టాలంటే లేమిని ఎలా చెప్పుకోవాలో ఆయనకి తెలుసు. గ్రాంటు కోసం పైఆఫీసుకి లెటర్ పెట్టిన మన పంచాయతీ కార్యదర్శికి ఈ భాష వెంటనే అర్థమవుతుంది.

నువ్వు అడిగిన ప్రశ్నల్లో ఒకదానికి జవాబు ఇదే: "తెలుగువాళ్ళకి స్కాట్లాండు బిషప్పు ఎందుకు?" అన్నావు. ఆయన పని చూపించు, ఎందుకో వాళ్ళకే తెలుస్తుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసేవాడికి ఆయన పరిచయస్తుడిలా కనిపిస్తాడు. గుమాస్తాకి, టీచరుకి, కోర్టు చుట్టూ తిరిగినవాడికి, స్కూలు బిల్డింగు కోసం చందాలు పోగేసినవాడికి ఆయన పరాయివాడు కాడు. మెరిసే శిలువ, ఊదారంగు అంగీ చూపిస్తే మటుకు పరాయివాడే.

యూనివర్సిటీకి ఆజ్ఞాపత్రం వచ్చింది. దాంతో ఒక్క రాయి కూడా లేవదు. నువ్వు 1495లో ఆజ్ఞ, 1505లో కింగ్స్ కాలేజీ అని రెండు తేదీలు పక్కపక్కన పెట్టి, మధ్యలో "అవిశ్రాంత కృషి" అన్నావు. ఆ పదేళ్ళే కదమ్మా నీ పుస్తకం! డబ్బు ఎక్కడిది? ఈస్ట్ లోథియన్‌లో సెయింట్ జర్మన్స్ అని ఒక పాత ఆసుపత్రి ఉంది. దాని ఆదాయాన్ని కాలేజీకి మళ్ళించారు. కొన్ని చర్చిల రాబడి కలిపారు. రాజుని అడిగారు. ఇలా మళ్ళించిన ప్రతి ఆదాయం వెనకా దాన్ని అప్పటిదాకా తింటున్నవాడు ఒకడుంటాడు. వాడు ఊరుకుంటాడా? రాజు కాయితం కావాలి, పోపు కాయితం కావాలి, రెంటికీ రుసుములు కట్టాలి. ఇదంతా చేసి ముప్ఫై ఆరు మందికి చోటున్న కాలేజీ పెట్టారు. మొదటి ప్రిన్సిపాలుగా హెక్టర్ బోయిస్‌ని పారిస్ నుంచి రప్పించారు. జీతం ఏడాదికి నలభై మెర్కులు, అప్పటి స్కాట్లాండు డబ్బులో. పారిస్‌లో ఎరాస్మస్ అంతటి మహా పండితుడు స్నేహితుడిగా ఉన్న యువ పండితుడు, మచ్చిక కాని జనం ఉండే ఊరని పత్రంలోనే రాసి ఉన్న చోటికి, ఆ జీతానికి ఎందుకు వచ్చాడు? అడగవలసిన ప్రశ్న అది. 1497 నాటికే అక్కడ వైద్యం చెప్పడానికి ఒక ఆచార్యుడి పదవి ఉంది. ఇంగ్లీషు మాట్లాడే ప్రపంచంలో అదే మొదటిదని మీ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారట. నువ్వు రోజూ ఆ దారినే క్లాసుకి వెళ్తున్నావు కదా, నీ రాతప్రతిలో ఆ మాటే లేదు.

కాలేజీ చాపెల్ పడమటి గోడ మీద శాసనం ఉంది, 1500 ఏప్రిల్ 2న తాపీవాళ్ళు పని మొదలుపెట్టారని. ఆ తేదీ ఊరికే వచ్చింది కాదు. సొలొమోను తన దేవాలయం కట్టడం మొదలుపెట్టిన రోజు అదేనని ఆ కాలంలో నమ్మేవారు. అంటే ముహూర్తం చూసి పెట్టారన్నమాట. నువ్వు ఆ గోడ ముందు నిలబడి ఫోటో దిగి నాకు పంపావు. శాసనం నీ భుజం వెనకే ఉంది. నీ పుస్తకంలోకి మాత్రం రాలేదు.

రాజు దగ్గర ఆయన చేసిన పని కూడా ఇలాగే జారిపోయింది. మూడో జేమ్స్ ఆయన్ని 1488 మొదట్లో ఛాన్సలర్‌ని, అంటే ముఖ్యమంత్రి లాంటి పెద్ద అధికారిని చేశాడు. ఆ జూన్‌లోనే సాకీబర్న్ దగ్గర తిరుగుబాటుదారులతో జరిగిన పోరులో రాజు చచ్చిపోయాడు. ఎల్ఫిన్‌స్టన్ పదవి పోయింది. దీన్ని నువ్వు బాగానే చెప్పావు, ఎందుకంటే అందులో కత్తులున్నాయి. ఆ తర్వాతది చూడు. తండ్రిని చంపినవాళ్ళ అండతో గద్దెనెక్కిన నాలుగో జేమ్స్ ఈ పాత రాజు మనిషిని మళ్ళీ పిలిచాడు. 1492లో ప్రీవీ సీల్ అనే రాజముద్ర ఆయన చేతికి వచ్చింది, చనిపోయేదాకా, అంటే ఇరవై రెండేళ్ళు, అక్కడే ఉంది. రాజు ఎవరికైనా భూమి ఇచ్చినా, పదవి ఇచ్చినా, క్షమాభిక్ష పెట్టినా ఆ కాయితం ఆ ముద్ర దాటాలి. దేశంలో ఎవడికి ఏం దక్కిందో ముందు తెలిసేది ఆయనకే. అలాంటి చోట ఇరవై రెండేళ్ళు కూర్చుని మంచి పేరుతో లేచిన మనిషిని నేను నా సర్వీసులో అరుదుగా చూశాను. అది ఎలా సాధ్యమైందో రాయి.

దానికి ఆధారాలు లేవనకు. ఆ ముద్ర పడిన కాయితాల రిజిస్టరు 1488 నుంచి మిగిలి ఉంది. రాజుగారి కౌన్సిల్‌లో దావాలు విన్న రోజుల రికార్డులు ఉన్నాయి, ఎవరెవరు హాజరయ్యారో పేర్లతో సహా. మా కోర్టు డైరీ లాంటివే. ఫలానా రోజు అబర్డీన్ బిషప్పు కూర్చున్నారు, ఫలానావాడు ఇంకొకడి పశువులు తోలుకుపోయాడని ఫిర్యాదు, తీర్పు ఇది. అవి అచ్చులో ఉన్నాయి, మీ లైబ్రరీలో దొరుకుతాయి. నువ్వు మాత్రం పుస్తకమంతా బోయిస్ రాసిన దాని మీదే నిలబెట్టావు. బోయిస్ 1522లో పారిస్‌లో అచ్చు వేయించిన అబర్డీన్ బిషప్పుల చరిత్ర విలువైనదే, కాదనను. కానీ ఆయన ఎవరు? ఎల్ఫిన్‌స్టన్ పిలిచి ఉద్యోగమిచ్చిన మనిషి. అన్నం పెట్టిన చేతిని పొగిడాడు, తప్పేం లేదు. నువ్వు ఆ పొగడ్తని ఎత్తి తెలుగులో ఇంకో నాలుగు బిరుదులు తగిలించావు. "స్కాటిష్ విద్యా పితామహుడు" అట, "కరుణామూర్తి" అట. మన దగ్గర ప్రతివాడూ ఏదో ఒకదానికి పితామహుడే. 1496 చట్టం సంగతి చెప్పు, బిరుదు అక్కర్లేదు. ఆస్తిపరులైన జమీందార్లు పెద్దకొడుకుల్ని ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో బడిలో వేసి లాటిన్ బాగా వచ్చేదాకా ఉంచాలి, తర్వాత మూడేళ్ళు ఆర్ట్స్, చట్టం చదివించాలి, లేకపోతే ఇరవై పౌండ్లు జరిమానా. దాని వెనక ఎల్ఫిన్‌స్టన్ చెయ్యి ఉందని చరిత్రకారులు నమ్ముతారు. దేనికి ఆ చట్టం? ఊళ్ళల్లో న్యాయం చెప్పే పదవులు ఆ జమీందారు కొడుకులకే వంశపారంపర్యంగా వస్తాయి. చట్టం తెలియనివాడు ఆ కుర్చీలో కూర్చుంటే బీదవాడు ఏమైపోతాడో జీవితమంతా దావాలు విన్నవాడికే తెలుస్తుంది. ఆయన పని లోంచి ఆ చట్టం పుట్టిందని పాఠకుడికి తెలియాలి.

ఇప్పుడు ఆ ప్రార్థనా పుస్తకం దగ్గరికి వస్తాను. అబర్డీన్ బ్రెవియరీ. పురోహితులు రోజూ వేళకి చదువుకునే ప్రార్థనలు, ఏ రోజు ఏ పుణ్యపురుషుడి పండగో ఆయన కథ, అన్నీ క్రమంగా ఉన్న పుస్తకం. అప్పటిదాకా స్కాట్లాండు చర్చిల్లో ఎక్కువగా వాడింది ఇంగ్లండులోని సాలిస్‌బరీ పద్ధతి. తమ దేశపు పుణ్యపురుషులకి అందులో చోటు లేదు. ఏ మూల గుడిలోనో నాలుగు వాక్యాలు, ఏ పల్లెలోనో ఒక బావి పేరు, ఎవరో ముసలి పురోహితుడికి నోటికొచ్చిన ఒక కథ, ఇలా చెదిరిపోయి ఉన్నాయి. వాటిని దేశమంతటి నుంచీ సేకరించారు, లాటిన్‌లో పాఠాలుగా కుదించారు, ఏ తేదీన ఏది రావాలో సర్దారు. ఎవరెవరు సాయపడ్డారో ఊహించి రాయొద్దు, కానీ ఆ పని ఎలాంటిదో ఊహించు. రెండు ఊళ్ళవాళ్ళు ఒకే మహాత్ముడి గురించి రెండు రకాలుగా చెబుతారు. ఒకే రోజు రెండు పండగలు పడతాయి. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి? అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చి ఉంటాయి.

అచ్చు వెయ్యాలంటే దేశంలో ప్రెస్సే లేదు. 1507 సెప్టెంబరు 15న నాలుగో జేమ్స్ ఎడిన్‌బరో వర్తకుడు వాల్టర్ చెప్‌మన్‌కీ, ఆండ్రూ మిల్లర్‌కీ అచ్చు హక్కు ఇచ్చాడు. మిల్లర్ ఫ్రాన్స్‌లో రూఅన్‌లో అచ్చుపని నేర్చుకొచ్చిన మనిషి. ఆ ఉత్తర్వు చదివావా నువ్వు? అందులో చట్టాలు, చరిత్రలు అచ్చు వేయాలన్నాక, మా నమ్మకస్తుడైన సలహాదారు అబర్డీన్ బిషప్పు విలియం సేకరించిన స్కాట్లాండు పుణ్యపురుషుల కథలతో ప్రార్థనా పుస్తకాలు అచ్చు వేయాలని పేరు పెట్టి రాసి ఉంది. సాలిస్‌బరీ పుస్తకాలు బయటినుంచి తెచ్చి అమ్మకూడదని కూడా ఉంది. ఒక దేశం అచ్చుయంత్రం తెచ్చుకున్న కారణాల్లో ఒక మనిషి పోగేసిన కాయితాల కట్ట ఒకటి! 1509, 1510ల్లో రెండు సంపుటాలుగా వచ్చింది, నలుపులో ఎరుపు కలిపి అచ్చు వేశారు. ఎరుపు వెయ్యాలంటే ప్రతి కాయితం రెండోసారి ప్రెస్సెక్కాలి, అక్షరం పక్క అక్షరం మీద పడకుండా కుదరాలి. ఊళ్ళో కొత్తగా పెట్టిన ప్రెస్సులో ఆ పని చేశారు. నేను పుస్తకం వేసుకునేటప్పుడు లెటర్‌ప్రెస్సులో ముఖచిత్రానికి రెండో రంగు వేయిస్తూ రాత్రుళ్ళు కూర్చున్నాను, గాలీ ప్రూఫులు దిద్దుతూ కళ్ళు మంటలు పుట్టేవి. ఆ రెండు సంపుటాలు తలుచుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

1560లో మతసంస్కరణ వచ్చింది, స్కాట్లాండు పాత కాథలిక్ పద్ధతి వదిలేసింది. ఇక ఆ పుస్తకం చదివే పురోహితులే లేకుండా పోయారు. ఇప్పటికి మిగిలినవి చాలా కొద్ది ప్రతులు. కానీ అందులో ఉన్న ఎందరో పుణ్యపురుషుల కథలు ఇంకెక్కడా లేవు. ఆయన సేకరించి ఉండకపోతే వాళ్ళంతా ఉత్త ఊరి పేర్లుగా మిగిలేవారు. ఇదమ్మా నువ్వు ఒక్క వాక్యంలో దాటిపోయింది.

ఫ్లాడెన్ గురించి పూర్తిగా రాయొద్దనను. దాన్ని ఎడిన్‌బరో వైపు నుంచి రాయి. రాజు చచ్చాడు, ఆర్చిబిషప్పు చచ్చాడు, ఎందరో ప్రభువులు ఒక్క పూటలో పోయారు. కొత్త రాజుకి ఏడాదిన్నర కూడా లేదు. కౌన్సిల్‌లో కూర్చుని కాయితాలు నడిపించడానికి మిగిలినవాళ్ళలో ఈ ఎనభై రెండేళ్ళాయన ఉన్నాడు. చనిపోయినవాళ్ళ భూములకి వారసులెవరు, పసిరాజుకి రక్ష ఎవరు, సరిహద్దు ఎవరు కాయాలి? ఖాళీ అయిన సెయింట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్పు పదవికి ఆయన పేరే ముందుకొచ్చింది, దానికోసం కొట్లాడుకుంటున్నవాళ్ళు ఇంకొందరున్నారు. యుద్ధం వద్దన్నవాడే యుద్ధం మిగిల్చిన చెత్త ఊడ్చాడు. దీనికి పద్నాలుగు పేజీలు కాదు, నలభై పేజీలు రాసినా చదువుతాను. వెక్కివెక్కి ఏడ్చే దృశ్యం మటుకు తీసెయ్. నువ్వు కల్పించిన ఆ ఏడుపు కంటే, అబర్డీన్ నుంచి దగ్గరి దారిన ఎడిన్‌బరో రావాలంటే ఆ వయసులో ఆయన టే, ఫోర్త్ అనే రెండు పెద్ద నీళ్ళు పడవలో దాటాలన్న నిజం ఎక్కువ పనిచేస్తుంది.

డీ నది మీద వంతెన సంగతి కూడా నీ రాతప్రతిలో లేదు. ఆయన తలపెట్టి, డబ్బు విడిచి వెళ్ళారు. 1520ల్లో గావిన్ డన్‌బార్ బిషప్పుగా ఉండగా పూర్తయింది, ఏడు కమానులు. ఇప్పటికీ దాని మీద కార్లు పోతున్నాయి కదా, ఒకసారి దిగి కింద నుంచి చూడు. సెయింట్ మాకర్ కెథెడ్రల్ మీద ఆయన లేపిన మధ్యగోపురం మాత్రం 1688లో కూలిపోయింది.

కలంపేరు గురించి అడిగావు. తర్వాత చూద్దాం.

ముందు ఏడో అధ్యాయం ఒక్కటే మళ్ళీ రాయి. బ్రెవియరీని 1854లో మళ్ళీ అచ్చు వేశారు, అదైనా తెప్పించుకుని ముందు పెట్టుకో. లాటిన్ రాకపోతే వచ్చినవాళ్ళని పట్టుకో, యూనివర్సిటీలో ఉన్నావు, సిగ్గుపడకు. ఏదో ఒక పుణ్యపురుషుడి కథ ఎంచుకో, మాకర్ అయితే మీ ఊరివాడే. ఆ కథలో ఎన్ని పాఠాలు, ఏ తేదీకి పెట్టారు, ముందూ వెనకా ఎవరున్నారు చూసి, ఆ పేజీ తయారవడానికి బిషప్పుగారి బల్ల మీద ఏం జరిగి ఉండాలో రాయి. సంక్రాంతికి ఇండియా వస్తానన్నావు కదా, దానికి వారం ముందు పంపితే చదివి ఉంచుతాను. ఎనిమిదో అధ్యాయం సంగతి నువ్వొచ్చాక మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు